కారు డోరు, బానెట్, డిక్కీ కీళ్ళకు, తాళాలకు ఏది వేయాలి? నల్లగొండ, పాలమూరు దుమ్ములో నిలిచే ఎంపిక

ఆటో స్పేర్స్ షాపుకు పోయి "డోరు కిర్రుమంటుంది, ఏదన్నా ఇవ్వండి" అంటే, షాపతను చేతికి దగ్గరగా ఉన్న స్ప్రే డబ్బా తీసిస్తాడు. ఇంటికొచ్చి కొట్టగానే చప్పుడు పోతుంది. నెల తిరక్కముందే మళ్ళీ మొదలవుతుంది. డబ్బాలో తప్పేం లేదు, అది చేసే పని వేరు. డోర్లలో, బానెట్‌లో, డిక్కీలో కదిలే భాగాలన్నీ ఒక రకం కావు. బరువు మోసే కీలు వేరు, గట్టిగా పట్టి ఆపే లాక్ వేరు, తాళంచెవి దూరే సన్నని రంధ్రం వేరు, చుట్టూ ఉండే రబ్బరు బీడింగు వేరు. ఒకదానికి మేలు చేసే నూనె ఇంకోదాన్ని పాడుచేస్తుంది. అందుకని ఏ డబ్బా మంచిదని కాకుండా, ఏ చోటికి ఏది అని చూసుకుంటేనే డబ్బులు దండగ కావు.

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరులో తిరిగే కారుకు తుప్పుకంటే దుమ్మే పెద్ద శత్రువు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు కీళ్ళను తినేస్తాయి కాబట్టి అక్కడివాళ్ళు తడితడిగా, మందంగా పూయమంటారు. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ కార్లకు కూడా ఆ మాట కొంత చెల్లుతుంది. మన దగ్గర ఉప్పుగాలి లేదు. ఉన్నదల్లా హుజూర్‌నగర్, మేళ్ళచెరువు, వాడపల్లి వైపు సిమెంటు పొడి, మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల నుసి, పాలమూరు చెల్కల ఎర్ర దుమ్ము, గద్వాల, అలంపూర్ దిక్కున కాళ్ళకు చుట్టుకునే రేగడి. కోతల కాలంలో రోడ్ల మీదే వడ్లు ఆరబోస్తారు, వాటి మీదుగా లేచే దూగర ఉండనే ఉంది.

కంకర క్రషర్ల పొడి అన్నిటికంటే చెడ్డది. రాతిలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ స్కేలు మీద 7. మామూలు మెత్తటి ఉక్కు దానికంటే చాలా కింద ఉంటుంది. ఆ పొడి నూనెలో కలిసి కీలు సందులో చేరితే, డోరు తీసి వేసిన ప్రతిసారీ పిన్నును కొంచెం కొంచెంగా గీరుతూనే ఉంటుంది. సిమెంటుది ఇంకో బాధ. తేమ తగిలితే గట్టిపడి అక్కడే అతుక్కుంటుంది. కాబట్టి ఏ పూత గురించైనా మనం అడగాల్సినవి రెండే ప్రశ్నలు: ఇది దుమ్మును ఎంత పట్టుకుంటుంది? మే నెలలో 44, 45 డిగ్రీల ఎండకు నిలబెట్టిన కారులో ఇది కారిపోకుండా ఉంటుందా?

డోరు కీళ్ళ దగ్గర

ఒక్కో డోరుకు పైన ఒకటి, కింద ఒకటి హింజ్‌లుంటాయి. డోరు బరువంతా వాటి పిన్నుల మీదే. పిన్నుకూ, దాని చుట్టూ ఉండే చిన్న గొట్టం లాంటి బుష్‌కూ మధ్య ఉండే సందు చాలా సన్నం. ఇక్కడికి కావలసింది ఆ సందులోకి పలచగా దూరి, లోపలికి పోయాక చిక్కబడి ఉండిపోయేది. ఈ పనికి నేను మొదట చెప్పేది వైట్ లిథియం గ్రీజు స్ప్రే. డబ్బాలో ఉన్నప్పుడు అది ద్రావకంతో కలిసి పలచగా ఉంటుంది. కొట్టిన కొద్ది నిమిషాల్లో ద్రావకం ఆవిరైపోయి గ్రీజు మిగులుతుంది. ఇందులో నూనెను పట్టి ఉంచేది లిథియం సబ్బు, తెల్లరంగు సాధారణంగా జింక్ ఆక్సైడ్ వల్ల వస్తుంది. లిథియం గ్రీజులు కారడం మొదలుపెట్టేది దాదాపు 180 డిగ్రీలు దాటాకే, అందుకని మన ఎండ దాన్ని ఏమీ చేయలేదు.

ఇదే కుటుంబానికి చెందింది మెకానిక్ షెడ్లలో డబ్బాలకొద్దీ కనిపించే ఏపీ-3 గ్రీజు. అదీ లిథియం గ్రీజే, చవక, ఎక్కడైనా దొరుకుతుంది. తేడా చిక్కదనంలో ఉంది. గ్రీజుల చిక్కదనాన్ని 000 నుంచి 6 దాకా అంకెలతో చెప్తారు. మామూలు పనులకు వాడేది 2, దానికంటే గట్టిగా ఉండేది 3. వీల్ బేరింగ్‌కు ఆ గట్టిదనం బాగుంటుంది. డోరు కీలుకు వేలితో పూస్తే మాత్రం లోపలి పిన్ను దాకా పోదు, బయటే ముద్దగా కూర్చుంటుంది. వారం తిరిగేసరికి నల్లటి దుమ్ము ముద్ద తయారవుతుంది. పిల్లల బడి చొక్కాకో, పెద్దవాళ్ళ పంచెకో అంటేది అదే. చేతిలో ఏపీ-3 తప్ప ఇంకేమీ లేకపోతే వాడొద్దనను. శనగగింజంత తీసుకుని, డోరును పది పదిహేనుసార్లు ఆడించి, బయట కనబడేదంతా గుడ్డతో తుడిచేయండి. తుడవడం మానేస్తే పూయకపోవడమే నయం.

ఇక అందరి నోటా ఉండే డబ్ల్యూడీ-40. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ అనే చిన్న కంపెనీ దీన్ని తయారు చేసింది. క్షిపణుల పైపొరకు తుప్పు పట్టకుండా, నీటిని తోసేయడం కోసం. నీటిని తొలగించే 40వ సూత్రం అన్నదే ఆ పేరుకు అర్థం. అంటే అది పుట్టిందే తడిని తరమడానికి. బిగుసుకుపోయిన కీలును వదులు చేస్తుంది, పాత జిడ్డును కరిగిస్తుంది, కార్ వాష్ తర్వాత లాక్‌లో నిలిచిన నీళ్ళను బయటికి నెడుతుంది. ఈ మూడు పనుల్లో దానికి పోటీ లేదు. అయితే అది వదిలిపోయే నూనె పొర చాలా పలచన. నెలల తరబడి డోరు బరువు మోసే కీలుకు ఆ పొర చాలదు. నెల తిరక్కముందే చప్పుడు మళ్ళీ రావడానికి కారణం ఇదే. కాబట్టి దీన్ని ముందు వాడాలి, గుడ్డతో తుడవాలి, ఆరనివ్వాలి, ఆ తర్వాతే గ్రీజు. వరుస తిప్పి గ్రీజు మీద ఈ స్ప్రే కొడితే వేసిన గ్రీజు కాస్తా కరిగి కిందికి కారుతుంది. అదే కంపెనీ వైట్ లిథియం, సిలికాన్ స్ప్రేలు కూడా అమ్ముతుంది కాబట్టి కొనేటప్పుడు డబ్బా మీద రాసింది చదవాలి. రంగు చూసి తెచ్చుకుంటే పొరపాటు పడతారు.

కుట్టుమిషన్ నూనె ఊళ్ళో కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. శుభ్రమైన, పలచని ఖనిజ నూనె. పిన్ను పైభాగంలో ఒకటి రెండు చుక్కలు వేస్తే లోపలికి బాగా దిగుతుంది. పాత కార్లకు, స్ప్రే గొట్టం దూరని మూలలకు నేను దీన్నే మేలంటాను. దీని లోటు నిలవకపోవడం. ఎండాకాలంలో నెలా రెండు నెలలకోసారి మళ్ళీ వేయాల్సి వస్తుంది. ఓపిక ఉన్నవాళ్ళకు ఇది చవకైన, నిజాయితీ గల దారి.

కాలిన ఇంజన్ ఆయిల్ మాత్రం ఏ కీలుకూ వద్దు. షెడ్లో ఊరికే వస్తుందని, నల్లగా చిక్కగా కనబడుతుందని చాలామంది పూయిస్తారు. ఇంజన్‌లో అరిగిన లోహపు నుసి, మసి, మంటలో పుట్టిన ఆమ్లాలు అన్నీ అందులోనే ఉంటాయి. మీరు ఇంజన్‌లోంచి తీసేసి పారబోయించిన చెత్తను తెచ్చి కీలులో పెడుతున్నారన్నమాట. రోజూ చేతికి అంటితే చర్మానికి కూడా మంచిది కాదు.

వంటింటి నూనెలు వేసేవాళ్ళూ ఉన్నారు. పల్లీ నూనె, నువ్వుల నూనె, సన్‌ఫ్లవర్ ఏదైనా సరే, గాలి తగిలి కొన్నాళ్ళకు బంకగా మారుతుంది. వంటింట్లో నూనె సీసా మూత చుట్టూ జిగురు కట్టడం చూసే ఉంటారు, కీలులో జరిగేదీ అదే. కొబ్బరి నూనెకు ఇంకో లోపం: సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. డిసెంబర్ తెల్లవారుజామున పాలమూరులో వేడి అంతకంటే చాలా కిందికి పోతుంది కదా, లాక్‌లో వేసిన కొబ్బరి నూనె ఆ పూట తాళాన్నే బిగించేస్తుంది. వాజలిన్ దీనికి అటువైపు. రకాన్ని బట్టి 40 నుంచి 60 డిగ్రీల మధ్య మెత్తబడి కరుగుతుంది. ఎండలో నిలిపిన కారు రేకు ఆ వేడిని తేలిగ్గా దాటుతుంది. బ్యాటరీ టెర్మినల్స్ మీద పలచగా రాయడానికి వాజలిన్ మంచిదే, కీళ్ళకు కాదు.

ఇంట్లో బైకు ఉన్నవాళ్ళ దగ్గర చైన్ ల్యూబ్ స్ప్రే ఉంటుంది. తిరిగే చైన్ మీంచి ఎగిరిపోకుండా ఉండాలని దాన్ని జిగటగా చేస్తారు. ఆ జిగటే మన దుమ్మును లాగుతుంది. కొత్తగా ఏమీ కొనే వీల్లేనప్పుడు బానెట్ కీళ్ళ దాకా సరే, అంతకు మించి దాని జోలికి పోవద్దు.

ఏది వేసే ముందైనా ఒక పరీక్ష చేయండి. డోరును సగం తెరిచి, చివర కింద చెయ్యి పెట్టి మెల్లగా పైకెత్తి చూడండి. టకటకమని ఆడితే పిన్నో బుష్షో అరిగిపోయింది. దానికి ఏ గ్రీజూ మందు కాదు, బుష్ మార్పించాల్సిందే. అరిగిన కీలుకు స్ప్రేలు కొడుతూ పోతే డోరు కిందికి వాలి లాక్ సరిగా పడదు, రబ్బరు ఒక పక్కే నలుగుతుంది, వానకు నీళ్ళు లోపలికొస్తాయి. ఒక చిన్న బుష్‌తో పోయేది మూడు రిపేర్లవుతుంది.

చప్పుడు ఎప్పుడూ కీలుదే అనుకోవద్దు. రెండు హింజ్‌ల మధ్య డోరును సగంలో, పూర్తిగా ఆపి ఉంచే ఒక లోహపు పట్టీ ఉంటుంది, చెక్ స్ట్రాప్ అంటారు. డోరు ఒక్కచోటికి రాగానే "టక్" అనో "కటకట" అనో వినబడితే అది దాని పనే. మొదటి నుంచి చివరిదాకా కిర్రుమంటే కీలుది. చెక్ స్ట్రాప్ మీద పాత మడ్డి అంతా తుడిచి, పట్టీకి రెండువైపులా వైట్ లిథియం పలచగా పట్టిస్తే చాలు. ఇక్కడ పలచని నూనె అసలు పనికిరాదు. రోలర్ గట్టిగా నొక్కుతూ పోతుంది కాబట్టి రెండు రోజుల్లో తుడిచిపెట్టేస్తుంది.

లాక్, దాని స్ట్రైకర్

డోరు అంచున ఉండే లాచ్ లోపల తిరిగే కొక్కెం ఉంటుంది. బాడీ పిల్లర్ మీద ఉండే ఇనుప కొండిని, అంటే స్ట్రైకర్‌ను, అది పట్టుకుంటుంది. డోరు రెండు మూడు సార్లు గట్టిగా వేస్తే గానీ పడటం లేదంటే ముందు ఇక్కడ చూడండి. బయటికి తెరుచుకుని ఉండే భాగం కనుక దుమ్మంతా దీని నోట్లోనే చేరుతుంది. నా లెక్కలో ఇక్కడ పూతకంటే తుడుపే ముఖ్యం. పాత టూత్‌బ్రష్, నూనె స్ప్రే తడిపిన గుడ్డ, ఇవి చాలు. నల్ల మడ్డి పోయి లోహం కనబడ్డాక కొక్కెం మీద వైట్ లిథియం ఒక చిన్న చిమ్ము, స్ట్రైకర్ మీద వేలితో పలచని పూత.

శుభ్రం చేసేటప్పుడు చాలామంది స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని మూసిన స్థితికి తిప్పి చూస్తారు. చూడొచ్చు, కానీ డోరు వేసే ముందు బయటి హ్యాండిల్ లాగి కొక్కేన్ని మళ్ళీ తెరవాలి. మరిచిపోయి డోరు వేశారంటే కొక్కెం నేరుగా స్ట్రైకర్‌ను గుద్దుకుని లాచ్ వంగుతుంది. వెనక డోర్ల అంచున ఉండే చైల్డ్ లాక్ మీటను కూడా ఇదే సమయంలో ఒకసారి అటూ ఇటూ తిప్పండి. ఏళ్ళ తరబడి ముట్టుకోకుండా ఉండే భాగం అది.

బానెట్ విషయంలో రాజీ పడొద్దు

డోరు కిర్రుమంటే చిరాకు, అంతే. బానెట్ లాచ్ బిగుసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. బానెట్‌కు రెండు పట్లుంటాయి. లోపల మీట లాగితే మొదటిది వదులుతుంది. రెండోది, ముందు నిలబడి వేళ్ళతో తప్పించే చిన్న కొక్కెం, భద్రత కోసం ఉన్నది. మొదటి పట్టు సరిగా పడకపోయినా, దారిలో వదిలినా బానెట్‌ను ఆపేది ఆ రెండోదే. గ్రిల్ వెనకే ఉంటుంది కాబట్టి 65వ నెంబరు హైవే మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి దాటి సూర్యాపేట దాకా పోయే కారైనా, 44వ నెంబరు మీద షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా కర్నూలు పోయే కారైనా ముందున్న లారీ లేపే దుమ్మంతా, పురుగులన్నీ నేరుగా దాని మీదే పడతాయి. ఆ కొక్కెం స్ప్రింగు మడ్డి పట్టి వెనక్కి రాకుండా ఉండిపోయిందనుకోండి, పైకి బానెట్ మూసినట్టే కనిపిస్తుంది. హైవే వేగంలో గాలి దాన్ని ఎత్తి ముందద్దం మీదికి విసిరితే డ్రైవరుకు దారి కనబడదు.

కాబట్టి బానెట్ తెరిచిన ప్రతిసారీ ఆ చిన్న కొక్కేన్ని వేలితో ఒకసారి నొక్కి వదలండి. టక్కున వెనక్కి రావాలి. మెల్లగా వస్తే శుభ్రం చేయాల్సిన సమయం వచ్చింది. ఇక్కడ శుభ్రానికి డబ్ల్యూడీ-40 లాంటిది ధారాళంగా వాడొచ్చు, బ్రష్‌తో రుద్ది, స్ప్రింగు సందుల్లోని మట్టిని కడిగేయాలి. బాగా ఆరాక వైట్ లిథియం గ్రీజు. ముద్దగా పూసిన ఏపీ-3 ఇక్కడ అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే స్ప్రింగును పట్టి ఉంచే దుమ్ము పేస్టు తయారయ్యేది దానివల్లే. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఏ స్ప్రే కొట్టొద్దు. స్ప్రేల్లోని ద్రావకాలు, చాలా డబ్బాల్లో వాటిని బయటికి నెట్టే గ్యాసు కూడా తేలిగ్గా మంట అంటుకుంటాయి.

లోపల మీట లాగడానికి బలం ఎక్కువ పడుతోందంటే ఇంకా గట్టిగా లాగొద్దు. ప్లాస్టిక్ మీట విరుగుతుంది, లేదా కేబుల్ తెగుతుంది. అప్పుడు గ్రిల్ విప్పి తెరిపించాలి. ఇంకొకర్ని బానెట్ మీద రెండు చేతులతో కిందికి నొక్కమని చెప్పి మీరు లాగితే లాచ్ మీద ఒత్తిడి తగ్గి సాధారణంగా తెరుచుకుంటుంది. తెరుచుకున్న వెంటనే లాచ్ శుభ్రం చేసి, కేబుల్ చివర్ల దగ్గర పలచని మిషన్ నూనె రెండు చుక్కలు వేయండి. కేబుల్ గొట్టంలోకి గ్రీజు దూరదు, దూర్చాలని చూడొద్దు.

బానెట్ కీళ్ళు వైపర్ల కింద ఉంటాయి. వాటికి ఏడాదికి ఒకటి రెండుసార్లు వైట్ లిథియం చాలు. ఆ పక్కనే చింతాకులు, వేపాకులు పేరుకుని నీళ్ళు నిలుస్తాయి, అవి తీసేయడం గ్రీజుకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

డిక్కీ

సెడాన్ డిక్కీకైనా, హ్యాచ్‌బ్యాక్ వెనక డోరుకైనా కీళ్ళు పైన, రబ్బరు లోపలివైపు ఉంటాయి కాబట్టి దుమ్ము కొంచెం తక్కువ. అదే వైట్ లిథియం, అదే తుడుపు. లాచ్ మాత్రం కింద ఉంటుంది. బియ్యం బస్తా దించినప్పుడు, యూరియా సంచి పెట్టినప్పుడు రాలిన గింజలు, గుళికలు అందులోకి పోతాయి. ఎరువు తేమను పీల్చి లోహాన్ని తినేస్తుంది. డిక్కీలో ఎరువు సంచులు వేసుకుని పొలానికి పోయే రైతులు ఆ లాచ్‌ను తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఆ తర్వాత గ్రీజు వేయాలి. ఈ ఒక్క చోట మన దగ్గర కూడా తుప్పు నిజమైన శత్రువే.

బొలెరో ఉన్నవాళ్ళకు ఒక మాట. పాత తరహా బొలెరో వెనక డోరు పక్కకు తెరుచుకుంటుంది, స్టెప్నీ దాని మీదే వేలాడుతుంది. అంటే ఆ కీళ్ళు మామూలు డోరుకంటే చాలా ఎక్కువ బరువు మోస్తాయి. అక్కడ స్ప్రే పూత త్వరగా నలిగిపోతుంది. ముందు పలచని నూనెతో కడిగి, తర్వాత 2వ నెంబరు చిక్కదనం గల లిథియం గ్రీజును డోరు ఆడిస్తూ లోపలికి దించడం మంచిది. ఈకో లాంటి బండ్ల పక్కకు జరిగే డోరుది దీనికి పూర్తిగా విరుద్ధం. కింద పట్టాలో గ్రీజు నింపితే ఇసుక, గుట్కా కాగితాలు, ఊక అన్నీ దానికే అంటుకుని రోలర్ బిగుస్తుంది. పట్టాను బ్రష్‌తో దులిపి, గుడ్డతో తుడిచి, సిలికాన్ స్ప్రే పలచగా కొట్టాలి. గ్రీజు కావాల్సింది రోలర్ ఇరుసుకే.

తాళం రంధ్రంలో నూనె వద్దు

రిమోట్ వచ్చాక తాళంచెవి పెట్టి డోరు తీసేవాళ్ళు తగ్గిపోయారు. కొత్త కార్లలో చాలావాటికి డ్రైవర్ డోరుకే రంధ్రం ఉంటుంది, కొన్నిట్లో ఒక మూత కింద దాచేస్తారు. రిమోట్ బ్యాటరీ అయిపోయిన రోజు, కారు బ్యాటరీ డౌన్ అయిన రోజు లోపలికి పోవడానికి మిగిలేది అదొక్కటే. వాడకపోవడం వల్లే అది బిగుసుకుంటుంది. నెలకోసారి రిమోట్ పక్కన పెట్టి చెవితో తీయడం అలవాటు చేసుకోండి. స్మార్ట్ కీ అయితే దాని లోపల దాచిన చిన్న లోహపు చెవి ఉంటుంది, అది ఎలా బయటికొస్తుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. దేవరకొండ దాటాక రాత్రిపూట వెతుక్కునే పని కాదు అది.

సిలిండర్ లోపల సన్నని పలకలు, వాటి వెనక జుట్టంత స్ప్రింగులు ఉంటాయి. ఏ తడి నూనె పోసినా మొదట హాయిగా తిరుగుతుంది. తర్వాత చెవి వెంట లోపలికి పోయే ప్రతి దుమ్ము రేణువూ అక్కడే అతుక్కుంటుంది. గ్రీజు పెడితే అసలుకే మోసం. ఇక్కడ పొడిగా ఉండేదే కావాలి, మన ఊళ్ళకు మరీ. రెండు మార్గాలున్నాయి. ఒకటి గ్రాఫైట్ పొడి. చిన్న గొట్టంలో వస్తుంది, రంధ్రంలోకి ఒక్క ఊపు ఊది, చెవి పెట్టి పదిసార్లు తిప్పి, చెవికి అంటిన నలుపు తుడిచేయాలి. రెండోది పీటీఎఫ్ఈ, అంటే టెఫ్లాన్, డ్రై ల్యూబ్ స్ప్రే. తడిగా పోయి, ఆరి, జారే పొరగా మిగులుతుంది. బట్టలకు నలుపు అంటదు.

నన్నడిగితే పీటీఎఫ్ఈ ముందు, అది దొరకనప్పుడు గ్రాఫైట్. ఎందుకంటే మన కార్లలో చాలావాటి తాళంలో ఇప్పటికే ఎవరో ఒకరు నూనె పోసే ఉంటారు. నూనె ఉన్నచోట గ్రాఫైట్ వేస్తే రెండూ కలిసి నల్లటి పేస్టై పలకలను కదలనివ్వవు. నూనె పోసిన తాళమైతే ముందు కాంటాక్ట్ క్లీనర్ లాంటి త్వరగా ఆరే స్ప్రేతో కడిగి, పూర్తిగా ఆరాకే పొడి పూత. రెండూ దొరకని పల్లెలో మెత్తటి పెన్సిల్ పనికొస్తుంది. పెన్సిల్ ముల్లు గ్రాఫైట్, బంకమట్టి కలిపి చేసినదే. బొమ్మలు గీసే 6బి లాంటి మెత్తటి దాంట్లో గ్రాఫైట్ పాలు ఎక్కువ, హెచ్‌బిలో దానికంటే మట్టి పాలు ఎక్కువ. చెవి గాట్ల మీద 6బితో బాగా రుద్ది, లోపల పెట్టి తిప్పి, తుడిచి, మళ్ళీ రుద్దితే తాత్కాలికంగా కదులుతుంది.

చెవి బిగుసుకున్నప్పుడు పట్టకారుతో తిప్పొద్దు. విరిగిన ముక్కను తీయడానికి డోరు లోపలి ప్యాడ్ విప్పాల్సి వస్తుంది.

రబ్బరు, అద్దం చానల్

డోరు చుట్టూ ఉండే బీడింగు ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరు. ఖనిజ నూనె, గ్రీజు, డీజిల్ తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. కీలుకు స్ప్రే కొట్టేటప్పుడు పక్కన పడ్డ చినుకులను వెంటనే తుడవమనేది అందుకే. ఎండకు గట్టిపడి కీచుమనే రబ్బరుకు సిలికాన్ ఒక్కటే సరైనది. నేరుగా కొట్టకండి, గుడ్డ మీద కొట్టి గుడ్డతో రుద్దండి. గాలిలో ఎగిరి పెడల్ మీద, స్టీరింగ్ మీద, బ్రేకు డిస్కు మీద పడితే జారుతుంది. త్వరలో డెంటింగ్, పెయింటింగ్ చేయించే ఆలోచన ఉంటే సిలికాన్‌ను రేకు దరిదాపులకు కూడా రానివ్వొద్దు, దాని మీద కొత్త రంగు పట్టక చిన్న చిన్న గుంతలు పడుతుంది. అద్దం పైకీ కిందికీ మెల్లగా పోతోంటే, అది జారే గాడిలో, అంటే చానల్‌లో కూడా సిలికానే. ముందు తడిగుడ్డను ఒక పలచని కర్రకు చుట్టి చానల్ లోపలి మట్టి లాగేయండి, లేకపోతే అద్దం మీద గీతలు పడతాయి.

కొనాల్సి వస్తే

ఒక్కటే కొనగలిగితే వైట్ లిథియం స్ప్రే కొనండి. రెండు కొనే వీలుంటే దానికి తోడు సిలికాన్. శుభ్రానికి డబ్ల్యూడీ-40 తరహా స్ప్రే చాలా ఇళ్ళలో ఉండనే ఉంటుంది, లేకపోతే మిషన్ నూనె తడిపిన గుడ్డ సరిపోతుంది. తాళానికి పొడి ల్యూబ్ ఇరుగుపొరుగు నాలుగు ఇళ్ళవాళ్ళు కలిసి ఒకటి తెచ్చుకున్నా ఏళ్ళు వస్తుంది. డబ్బా కొనేటప్పుడు సన్నని గొట్టం ఉందో లేదో చూడండి. గొట్టం లేని స్ప్రేతో కీలు సందుకు గురిపెట్టడం కుదరదు, సగం రంగు మీద పడుతుంది. తెచ్చాక డబ్బాను డిక్కీలో ఉంచే అలవాటు మానాలి. ఈ డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మే మధ్యాహ్నం మూసిన కారు లోపల ఆ వేడి దాటడం మామూలే, డబ్బా పేలే ప్రమాదం ఉంది.

ఏడాదికి రెండుసార్లు చేస్తే చాలు. ఒకటి మృగశిర కార్తెకు ముందు, వానలు మొదలవకముందే. రెండోది వడ్ల కోతలు, పత్తి ఏరడం సాగి దూగర తగ్గాక, దీపావళి దాటి. క్రషర్ రోడ్డు మీదో, సిమెంటు ఫ్యాక్టరీ దారినో రోజూ తిరిగే బండికి మూడు నెలలకోసారి. బానెట్ రెండో కొక్కెం తుడవడానికి మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు, బండి కడిగిన ప్రతిసారీ చూడాలి. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు "హింజ్‌లు, లాచ్‌లు తుడిచి గ్రీజు వేయండి" అని జాబ్ కార్డులో రాయించండి. నోటితో చెప్పింది హడావిడిలో మరిచిపోతారు.

అసలు ఏమీ వేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. సీటు బెల్టు బకిల్‌లో నూనె గానీ, స్ప్రే గానీ పడకూడదు. అది పట్టకపోతే మార్పించాలి, జారేలా చేయకూడదు. ఇగ్నిషన్ తాళంలో గ్రాఫైట్ ఊదొద్దు, గ్రాఫైట్ గుండా కరెంటు పోతుంది, వెనకే స్విచ్ ఉంటుంది. డిక్కీని ఎత్తి పట్టే గ్యాస్ రాడ్‌లకు గ్రీజు పూయొద్దు, మెరిసే కడ్డీకి అంటిన దుమ్ము లోపలి సీలును కోస్తుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. డిక్కీ తెరిచాక నిలవకుండా తలమీద పడుతోందంటే గ్యాస్ పోయినట్టే, రెండు రాడ్‌లనూ ఒకేసారి మార్పించాలి. పాతవి విప్పడం, వేడిచేయడం, రంధ్రం పెట్టడం చేయొద్దు, లోపల గ్యాస్ ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది.